ట్రైలర్ ముక్కు మీద నూట ముప్పై రెండు కిలోలు

ఆమెను అందరూ కాటా అక్క అంటారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు, అదో విచిత్రం. ఊరి చివర లారీలు తూచే వేబ్రిడ్జిలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి. ఉద్యోగం మానేసి మూడేళ్లయినా బరువుల పిచ్చి మాత్రం వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా ముందుగదిలో బీరువా వంక చూసి, తొంభై రెండు, బట్టలతో కలిపి నూట నలభై అని మనసులో లెక్క వేసుకుంటుంది. పసిబిడ్డను చేతికిస్తే ముద్దు పెట్టుకోకముందే బరువు చెప్పేస్తుంది. ఒకసారి నోరు జారి కొత్త పెళ్లికూతురి బరువు కూడా చెప్పింది. పోనీ తప్పు చెప్పిందా అంటే అదీ లేదు, అక్షరాలా నిజం చెప్పింది. ఆ ఇంటివాళ్లు ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు.

వేబ్రిడ్జిలో ఆమెకిచ్చిన పని బండి ఎక్కాక అంకె చూసి చీటీ ఇవ్వడం, అంతే. ఆమె మాత్రం అంతటితో ఊరుకునేది కాదు. బండి గేటు దగ్గర ఉండగానే టైర్ల పొంగు చూసి బరువు ఊహించేది, తూచాక తేడా ఎంతో చూసుకునేది. ఎక్కడన్నా వింత కనిపిస్తే సొంత నోటుబుక్కులో రాసుకునేది. వానలో తడిసిన ఇసుక ఎంత పెరుగుతుంది, డ్రైవరు దిగితే ఎంత తగ్గుతుంది, ఇలాంటివి. ఎందుకమ్మా ఇవన్నీ అని యజమాని అడిగితే, ఏమో, తెలుసుకోవాలనిపించింది అనేది. 

ఆమెకు మొగుడు దొరికింది కూడా ఆ కాటా దగ్గరే. ఆయన లేత్ మేస్త్రీ. తిరిగే ఇనుమును వెంట్రుకలో పదో వంతు తేడా లేకుండా చెక్కే మనిషి. ఒకనాడు తను కొన్న ఇనుప కడ్డీలు ఆటోలో తెచ్చి తూయించాడు. అంకె చూసి, మీ కాటా నలభై కిలోలు తక్కువ చూపిస్తోందండీ అన్నాడు. తక్కువ చూపిస్తే లాభం ఆయనకే. అయినా చెప్పాడు. ఈవిడకు ఒళ్లు మండిపోయింది. తన కాటాకు వంక పెట్టిన మగాడు అప్పటిదాకా పుట్టలేదు మరి. ఆయన వాదించలేదు. మోకాళ్ల మీద పాకుతూ కాటా పలక చుట్టూ తిరిగి, ఒక మూల సందులో ఇరుక్కున్న గులకరాయిని స్క్రూడ్రైవరుతో పెళ్లగించి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మళ్లీ తూస్తే సరిగ్గా నలభై పెరిగింది. ఆర్నెల్లలో పెళ్లయింది. గులకరాయి పుణ్యమా అని ఒకటైన జంట వీళ్లేనేమో.

ఇరవయ్యేళ్లకు పైగా బాగానే గడిచాయి. పోయినేడాది మేస్త్రీకి చిన్నగా పక్షవాతం వచ్చి, ఎడమచేతిలో పట్టు సగం పోయింది. వైద్యుడు పని మొదలుపెట్టు, అదే మందు అన్నాడు. మేస్త్రీ వినలేదు. తెల్లారి ఆరింటికల్లా షెడ్డు తలుపు తీసే మనిషి పదింటిదాకా గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. లేపితే, లేచి ఏం చేయాలి అనేవాడు.  పద్నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఆపైన అద్దె షెడ్డు పడగొడుతున్నామని, శనివారంలోగా ఖాళీ చేయాలని కబురొచ్చింది. కొండ మీది ఊళ్లో మేస్త్రీ తమ్ముడికి వెల్డింగు షెడ్డుంది. వదినా, మిషన్ తెచ్చి నా దగ్గర పెట్టండి, ఇంటి వెనక గది కూడా ఖాళీగానే ఉంది, అన్నయ్యకు చేతనైనంత పని నేనే చూపిస్తాను అన్నాడు. బంగారంలాంటి మాట. చిక్కల్లా దారిలో ఉంది. కొండెక్కే ముందు ఒక పాత వంతెన, దాని మొదట్లో నాలుగు టన్నులు మించరాదని బోర్డు. లారీ అసలు పోదు.

ఇంకెవరైనా అయితే అక్కడే చేతులెత్తేసేవాళ్లు. కాటా అక్కకు ఆ బోర్డు చూస్తే పండగలా అనిపించింది. లేత్ మిషన్ పదకొండు వందల యాభై, చెక్కే ముక్కను బిగించి పట్టే చక్కులూ పనిముట్ల పెట్టెలూ నూట డెబ్బై. పడవలు అమ్మే ఆయన దగ్గర రెండిరుసుల ట్రైలర్ ఉంది, అది నాలుగు వందల ఇరవై. దాన్ని లాగడానికి ఇంట్లోనే పెద్ద బండి ఉంది. ఇరవై మూడేళ్ల కిందటి ఫోర్ వీల్ డ్రైవ్. పచ్చరంగు వెలిసి ఏ రంగో చెప్పలేని స్థితికొచ్చింది. గేరు పక్కన, నాలుగు చక్రాలనూ కలిపే రెండో లివరును రెండు చేతులా లాగితే గానీ పడదు. వెనక తలుపు బయటినుంచి తెరుచుకోదు, లోపలికి పాకి తీయాలి. కానీ ఇంజను మంచిది, రెండున్నర టన్నులు లాగగలదని బండి పుస్తకంలో రాసుంది. ఇద్దరూ కూర్చుంటే బండి రెండువేల పది. అన్నీ కలిపి మూడువేల ఏడువందల యాభైకి అటూ ఇటూ. వంతెన ఒప్పుకుంటుంది.

బండి ఎప్పుడూ ఆమే నడుపుతుంది. మేస్త్రీకి డ్రైవింగు రాదు, నేర్చుకోలేదు, నేర్చుకోనని చెప్పడం కూడా మానేశాడు.

సామాను ఎక్కించే రోజున మేస్త్రీలో కాస్త చలనం వచ్చింది. అడ్డమైన చోట పెడితే మిషన్ నడుం విరుగుతుందని ఆయన భయం. సుద్దముక్కతో ట్రైలర్ మీద గీతలు గీసి, ఇరుసుల నడిమధ్య ఎక్కడో కొలిచి, మిషన్‌ను క్రేనుతో అక్కడే దింపించాడు. ముందుకున్న దాని తలవైపు బరువెక్కువ కాబట్టి ట్రైలర్ ముక్కు, అంటే బండికి తగిలించే కొస, కాస్త కిందికి వాలింది. ఆయనకు నచ్చలేదు. తిరిగేదేదైనా రెండు పక్కలా సమానంగా ఉండకపోతే వణుకుతుందని జీవితమంతా నమ్మిన మనిషి. అందుకని చక్కులూ పెట్టెలూ అన్నీ తోకవైపు సర్దించాడు. సర్దిస్తూ సర్దిస్తూ, ఆ ముక్కును తన ఎడమచేతి రెండు వేళ్లతో లేపి చూపించాడు. పదిహేడు వందల కిలోల ట్రైలర్ ముక్కు రెండు వేళ్లకు లేచింది! ఆమె మురిసిపోయింది. పద్నాలుగు నెలల తర్వాత ఆ చెయ్యి చేసిన గొప్ప పని అదే కదా అని, ఇంకేమీ ఆలోచించకుండా మురిసిపోయింది.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరి ముందుగా తన పాత వేబ్రిడ్జిలో ఆగింది. వంతెన ముందు ఊహలతో ఆడుకోకూడదు కదా. మొత్తం కలిపి తూస్తే మూడువేల ఏడువందల నలభై. తన అంచనాకు పది కిలోలు తక్కువ. ఆ పదీ ఎక్కడ పోయాయా అని ఆమెకు మనసు పీకింది. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నమ్మాయి చీటీ తీసిచ్చింది. వస్తువు అన్న చోట 'పాత ఇనుము' అని ఉంది. ట్రైలర్ మీద మిషన్ కనబడితే అలవాటుగా కొట్టేసింది పాపం. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆ కాటా ఎక్కే మిషన్లన్నీ కరిగించడానికి పోయేవే. కాటా అక్క కూడా ఆ రెండు మాటలే ఇరవై రెండేళ్లు రాసింది.

చీటీని ఆమె మళ్లీ ఆ అమ్మాయి బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా, ఇది మార్చమ్మా అంది. ఏమని రాయాలో కూడా తనే చెప్పింది. కొత్త చీటీని మడిచి డాష్‌బోర్డు అరలో పెట్టుకుంది. బండిలో కూర్చున్న మేస్త్రీ ఇదేదీ చూడలేదు. ఆయన చూపంతా అద్దంలో కనిపిస్తున్న మిషన్ మీదే ఉంది.

నలభై కిలోమీటర్ల వేగంలో పోతున్నంతసేపూ బండి బుద్ధిగానే ఉంది. ఊళ్లు దాటాక నున్నటి రోడ్డు వచ్చింది, ముందు సన్నటి పల్లం. వేగం యాభై దాటింది. వెనకనుంచి ఎవరో మెల్లగా భుజం తట్టినట్టు ఒక కుదుపు. మళ్లీ ఇంకోటి, ఈసారి అటువైపు. అద్దంలో చూస్తే ట్రైలర్ కుడికి వచ్చింది, ఎడమకు పోయింది, ఇంకాస్త ఎక్కువగా కుడికి వచ్చింది. యాభై అయిదులో దాని ఊపుకు పెద్ద బండి వెనకభాగం కూడా ఊగసాగింది.  బ్రేకు తొక్కాలని కాలు పరుగెత్తింది గానీ, ఆమె తొక్కనివ్వలేదు. స్టీరింగును తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసేసి, నోట్లో అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. యాభై, నలభై అయిదు, నలభై. ఊపు తగ్గింది. రోడ్డు పక్కన వెడల్పుగా మట్టినేల కనిపిస్తే అక్కడికి దింపి ఆపేసింది.

 మేస్త్రీ ముఖం పాలిపోయింది. కుడిచేత్తో ఎడమచేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇక్కడే ఎవరికైనా తూకానికి ఇచ్చేద్దాం" అన్నాడు. "నా చెయ్యి పోయింది, నా లెక్కా పోయింది. నిన్ను కూడా చంపేసేవాణ్ణి."

తూకానికి! ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఆమె తిట్టి పోసేది. తూకానికి వెళ్లిన మిషన్లు ఎలా ఉంటాయో ఆమెకు తెలిసినంతగా ఆయనకేం తెలుసు? చక్రాలు ఊడి, పిడులు విరిగి, ఒకదాని మీద ఒకటి పడేసి ఉంటాయి. అలా ఈ మిషన్ పోతే దాని వెనకే ఈ మనిషి కూడా గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఈసారి లేవడు. ఆమెకది పగటి వెలుతురంత స్పష్టంగా తెలుసు. భయం వేసింది. ట్రైలర్ ఊగినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

అయినా ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు. నీళ్ల సీసా తీసుకుని కిందికి దిగి ట్రైలర్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. భయం వేసినా సరే, తెలుసుకోవాలనే దురద ఆమెను వదలదు. టైర్లలో గాలి సరిగ్గా ఉంది. కట్లు బిగువుగానే ఉన్నాయి. మిషన్ వెంట్రుకవాసి కదల్లేదు. బరువు చూస్తే బండి మోయగలిగినదే. మరి ఎందుకు ఊగింది? నలభైలో లేని రోగం యాభై అయిదులో ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. మూడోసారి పెద్ద బండి వెనక నిలబడిపోయింది.

బండి వెనకభాగం కిందికి దిగలేదు. ఇంట్లో ఖాళీగా నిలబెట్టినప్పుడు ఎంత ఎత్తుందో ఇప్పుడూ అంతే ఎత్తుంది. వెనక అంత బరువు తగిలించి ఉంటే కొంతైనా దిగాలి కదా?

అప్పుడామెకు నోటుబుక్కులో ఒక పేజీ గుర్తొచ్చింది. ట్రాక్టరు కాటా దిగి, ట్రైలర్ ఒక్కటే కాటా మీద ఉన్నప్పుడు ఒక అంకె వచ్చేది. హుక్కు విప్పేసి, అదే ట్రైలర్‌ను దాని ముందు ఊతకాలు మీద నిలబెట్టి తూస్తే వందో నూట యాభయ్యో ఎక్కువ వచ్చేది. ఆ తేడా మీద డ్రైవర్లు ఎంత గొడవ పెట్టుకునేవారో! ముక్కు మీది బరువును ట్రాక్టరు మోస్తోంది కాబట్టి కాటాకు అందడం లేదని ఆమె అప్పట్లోనే కనిపెట్టి రాసుకుంది. ఇంకో సంగతి కూడా రాసుకుంది. తేడా ఏమీ రాని ట్రైలర్ ఆమె మొత్తం ఉద్యోగంలో ఒక్కటే వచ్చింది, తోకవైపు రాళ్లు నింపుకుని. గేటు దాటి వేగం అందుకోగానే అది తాగినవాడిలా తూలుతూ పోయింది. ఆ రెంటినీ కలిపి చూడాలని ఆమెకు ఇన్నేళ్లూ తట్టనే లేదు.

ఆమె తన నెత్తి మీద తనే మొట్టుకుంది. పొద్దున మొత్తం ఎంతో తూచి చంకలు గుద్దుకుంది గానీ, ఎక్కడ ఎంత ఉందో చూసిందా? ఇరవై రెండేళ్ల అనుభవం ఏ గంగలో కలిసింది?

ఇక మేస్త్రీకి చెప్పాలి. చెప్పడమే కష్టం. ఆయన పద్నాలుగు నెలల తర్వాత చేసిన మొదటి పని తప్పని చెప్పాలి. మాటలతో చెబితే కుంగిపోతాడు, జాలిపడి దాచిపెడితే ఇంకా కుంగిపోతాడు. ఆయన నమ్మేది ఒక్క అంకెను. అదృష్టం బాగుండి, ఆమె బండిలో స్పేర్ టైరు లేకపోయినా మనుషులు నిలబడి బరువు చూసుకునే చిన్న కాటా మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ట్రైలర్ చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హుక్కు విప్పి, ముక్కు కింద చెక్కదిమ్మ, దాని కింద కాటా పెట్టింది. మేస్త్రీని పిలిచింది.

"ఎంతో చదవండి."

ఆయన వంగి చూశాడు. "ఎనిమిది."

"పదిహేడు వందల నలభైలో ఎనిమిది. మీరు చెప్పినట్టే సమానంగా ఉంది. మీ లెక్కలో వెంట్రుక తేడా లేదు" అంది. "కానీ ఇది మీ మిషన్‌లో తిరిగే ముక్క కాదండీ, బండి వెనక నడిచేది. ముక్కు బండి మీద ఆనకపోతే దానికి దారి తెలియదు." తర్వాత నోటుబుక్కు సంగతంతా చెప్పింది.

ఆయన ఇంకోసారి వంగి ఆ ఎనిమిదిని చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని ముక్కునుంచి ఇరుసుదాకా అడుగులు వేశాడు, ఇరుసునుంచి తోకదాకా వేశాడు. పెదవులు కదుపుతూ ఏదో గుణించాడు. ఆ నడక చూసేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పని చేసే రోజుల్లో నడిచే నడక అది.

"ఎంత కావాలంటావు?" అని అడిగాడు.

"వందకు తగ్గకూడదు. మంచిగా నడిచినవన్నీ అంతే."

"మిషన్ కదపక్కర్లేదు. పెట్టెలన్నీ తోకనుంచి ముందుకు తెస్తే చాలు."

తెచ్చారు. నూట డెబ్బై కిలోలు, ఆరు పెట్టెలు, రెండు చక్కులు. ఒక్కోదానికి అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి మోశారు. ముందు ఖాళీ పెట్టెలాంటిది చూసి ఇద్దామనుకుంది గానీ, ఆయన సరాసరి పెద్ద చక్కు దగ్గరకే వెళ్లాడు. ముప్పై ఎనిమిది అంది ఆమె. ముప్పై ఆరు అన్నాడాయన, నేను చెక్కి తగ్గించాను, నీకు చెప్పలేదు. ఎడమచేతి పట్టు జారితే సగంలో ఒకసారి దించుకున్నారు, మళ్లీ ఎత్తారు.  అన్నీ సర్ది, తాళ్లు బిగించి, మళ్లీ ముక్కును కాటా మీదికి దించారు.

"నూట ముప్పై రెండు" అని చదివాడు మేస్త్రీ. లేచి చేతులు దులుపుకుంటూ, "నేను నీకు నలభై చూపించాను. నువ్వు నాకు నూట ఇరవై నాలుగు చూపించావు. ఇక నీ దగ్గర గులకరాయి మాట ఎత్తను" అన్నాడు. పద్నాలుగు నెలల్లో ఆయన వేసిన మొదటి పరాచికం అది. ఆమె మొహం పక్కకు తిప్పుకుని హుక్కు బిగించింది.

మళ్లీ రోడ్డెక్కారు. నలభైలో ఏమీ లేదు. నలభై అయిదు, యాభై. ఇద్దరూ అద్దంలోకే చూస్తున్నారు. ఇంకో పల్లం వచ్చింది. యాభై అయిదు దగ్గర ఆమె ఊపిరి బిగబట్టింది. ట్రైలర్ చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలా వెనకాలే వచ్చింది. మేస్త్రీ ఎడమచేతి వేళ్లతో తొడ మీద తాళం వేయడం ఆమె కంట పడింది.

వంతెన దగ్గర బోర్డు చూసి ఆమె నవ్వుకుంది, రెండువందల అరవై కిలోలు మిగిలే ఉన్నాయి. కొండ మొదట్లో ఇద్దరి చేతులూ కలిపి రెండో లివరు లాగితే కర్రుమని పడింది. ముసలి బండి రొప్పుతూ, మలుపు మలుపుకూ మూలుగుతూ ఎక్కింది. వేడి ముల్లు ఎర్రగీత దాకా వచ్చినప్పుడు రెండుసార్లు ఆగి చల్లారనిచ్చారు. మధ్యాహ్నం దాటాక మరిది షెడ్డు చేరారు.

మరిది మనుషుల్ని పిలిచి మిషన్ దింపించాడు. మేస్త్రీ రసమట్టం తెప్పించుకుని, నేల మీద బోర్లా పడుకుని, ఒక్కో కాలి కింద రేకుముక్కలు దోపుతూ గంటసేపు గాలిబుడగతో కుస్తీ పట్టాడు. ఇక్కడ మాత్రం సమానంగానే ఉండాలి, ఎవరేం చెప్పినా వినను అని పడుకునే ప్రకటించాడు. మరిది ఈలోగా బండి శుభ్రం చేస్తానని వెళ్లి, డాష్‌బోర్డు అరలోంచి కాగితాలన్నీ తీసి, వదినా ఇది పారేయనా అని తూకం చీటీ చూపించాడు. మేస్త్రీ లేచి అందుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని చదివాడు.

మొత్తం మూడువేల ఏడువందల నలభై. వస్తువు: లేత్ మిషన్, పనిచేస్తున్నది.

ఆయన దాన్ని రెండోసారి చదివాడు. మూడోసారి కూడా చదివాడేమో.

"ఇది పొద్దున రాయించిందేనా? నేను అమ్మేద్దామనకముందు?"

"తూకం చీటీలో అబద్ధం రాయించడం నాకు అలవాటు లేదు" అంది ఆమె.

 ఆయన చీటీని జేబులో పెట్టుకున్నాడు. మిషన్ చక్కును ఎడమచేత్తో పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పాడు, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. నూనె కావాలి అని తమ్ముడికి చెప్పాడు. తర్వాత చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, ఆమెవైపు చూడకుండానే అన్నాడు.

"రేపు ఆరింటికి లేపు."

ఆమె సరేనంది.  ఆ రాత్రి పడుకునే ముందు ఫోనులో అలారం అయిదున్నరకు పెట్టుకుంది.